బోర్డుకో నీడ

ఖమ్మంలో బస్సు కోసం నిలబడే మనిషికి ఏ లోటూ లేదు. దుకాణాలు కిక్కిరిసిన వైరా రోడ్డు లాంటి చోట షెల్టర్ ముందు ఆగి చూడండి. పట్టుచీరలో నవ్వే హీరోయిన్, తరుగు లేని బంగారం, ఎప్‌సెట్ ర్యాంకర్ల ఫొటోలు, కోత లేకుండా పైల్స్ నయం చేసే డాక్టరుగారు, అందరూ కొలువుదీరి ఉంటారు. ఆషాఢం తగ్గింపు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో అణా పైసలతో సహా రాసి ఉంటుంది. బస్సు ఎన్నింటికొస్తుందో మాత్రం రాసి ఉండదు. అంత చిన్న విషయానికి చోటెక్కడిది?

ఇదేమిటని అడిగితే ప్రకటనల వ్యాపారుల దగ్గర ఓ మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది: ‘మున్సిపాలిటీకి పైసా ఖర్చు లేదు సార్, ఇది ప్రజాసేవ.’ నిజమే, సేవలో లోపం పట్టలేం. రాత్రి ఆఖరి బస్సు వెళ్ళిపోయాక కూడా హీరోయిన్ మొహం మీద లైటు వెలుగుతూనే ఉంటుంది. కింద బల్ల విరిగి ఆర్నెల్లయినా ఆమె నవ్వు చెక్కుచెదరదు. 200 గజాల ప్లాట్ల బొమ్మ ముందు కూర్చోవడానికి గజం బల్ల ఉండదు.

ఈ బేరం మనం కనిపెట్టింది కాదు. 1964లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో జాన్ క్లోద్ దెకో అనే వ్యాపారి నగర పాలకులకో ప్రతిపాదన పెట్టాడు. షెల్టర్ నేనే కడతాను, నేనే తుడుస్తాను, నేనే బాగుచేయిస్తాను, దాని మీద ప్రకటన మాత్రం వేసుకోనివ్వండి అన్నాడు. ఆ ఒక్క ఆలోచనతో అతని కంపెనీ ప్రపంచమంతా పాకింది. ఆ ఒప్పందంలో రెండు సగాలున్నాయి. మనదాకా వచ్చేసరికి తుడిచే సగం దారిలోనే ఏ స్టేజీలోనో దిగిపోయింది, ప్రకటన సగం మాత్రం క్షేమంగా చేరింది. ఆపైన 2020లో, హైదరాబాద్‌లో 15 అడుగుల ఎత్తు దాటి ప్రకటనలు ఉండకూడదని ప్రభుత్వం జీవో ఇచ్చింది. బస్ షెల్టర్ అంత ఎత్తు ఉండదు. అక్కడ ఇంతకన్నా చట్టబద్ధమైన గోడ ఎవరికి దొరుకుతుంది?

షెల్టర్ పక్క గోడ సంగతి చూడండి. బస్సు ఎటువైపు నుంచి వస్తుందో సరిగ్గా అటువైపే నిలువెత్తు బోర్డు బిగిస్తారు. కావాలని చేసే పాపమేమీ కాదు పాపం. కార్లూ బండ్లూ వచ్చేదీ అటునుంచే, వాటి మీద వచ్చేవాళ్ళ కళ్ళ ఎదురుగా పడేదీ ఆ గోడే. దాంతో బస్సు వస్తోందో లేదో తెలియాలంటే ప్రయాణికుడు షెల్టర్ వదిలి రోడ్డు మీదికి రావాలి. అతను ఎండలో, బోర్డు నీడలో. డ్రైవరు రోడ్డు మీద నిలబడ్డ జనాన్ని చూసి ఇంకో యాభై గజాలు ముందుకు పోయి ఆపుతాడు. ఖాళీ అయిన నీడలోకి షాపింగుకొచ్చినవాళ్ళ మోటారు సైకిళ్ళు చేరతాయి.

ఇక్కడి నుంచి కొత్తగూడెం మీదుగా భద్రాచలం సుమారు 120 కిలోమీటర్లు. గోదావరి దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు తిరిగితే స్టేజీ అంటే ఒక చింతచెట్టు, లేదా చెట్టు కూడా లేని మలుపు. మే నెలలో 45 డిగ్రీల ఎండలో తునికాకు కట్టలతోనో సంత సరుకుతోనో కోయ ఆడవాళ్ళు పల్లెవెలుగు బస్సు కోసం కాచుకునేది అక్కడ. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్ళకు టికెట్ సున్నా. బస్సులు నిండాయి, స్టేజీలూ నిండాయి. కప్పు కూడా సున్నానే.

ఇందులో తర్కం లేకపోలేదు. ఈ గిరిజన ఏజెన్సీ ప్రాంతంలో 1/70 చట్టం ఉంది, గిరిజనేతరులు అక్కడ భూమి కొనకూడదు. కాబట్టి వెంచర్ల బోర్డుకు అక్కడ పనిలేదు. బోర్డుకు పనిలేని చోట కప్పుకు మాత్రం పనేముంది? ఎంపీల నిధుల పథకం 1993లో వచ్చాక అడవి దారుల్లోనూ అక్కడక్కడా షెల్టర్లు లేచిన మాట నిజం. వాటి మీదా ప్రకటన ఉంటుంది, సరుకే వేరు. ఫలానా వారి నిధులతో అని కప్పు పొడవునా పేరు. కప్పు కారినా పేరు కారదు. కనీసం చీరల కంపెనీ తన డబ్బుతో పేరు వేసుకుంటుంది, వీళ్ళు మన డబ్బుతో వేసుకుంటారు.

టెండర్లు రాసే అధికారులకు ఒక చిన్న షరతు సూచిస్తాను. ఖమ్మంలో ఒక షెల్టర్ మీద ప్రకటన హక్కు కావాలన్నవాడు చర్ల దారిలో ఒక షెల్టర్ కట్టాలి. దానికి బోర్డు అక్కర్లేదు, ఒక బల్ల, కాస్త కప్పు, బస్సు వేళల పట్టిక చాలు. పట్టిక పక్కన కంపెనీ పేరు అరచేయంత రాసుకోమనండి, ఎవరూ కాదనరు. కాంట్రాక్టరు తప్పకుండా అడుగుతాడు: ‘అక్కడ మా పేరు చూసేదెవరు సార్?’

తునికాకు కట్ట మీద కూర్చుని రెండు గంటలు ఎదురుచూసే మనిషి చూస్తుంది. అంతసేపు ఒక ప్రకటనను చూసే గిరాకీ వైరా రోడ్డు మొత్తం వెతికినా దొరకదు.