‘పైపు పీకద్దురా’ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలము: పైపు పీకద్దురా, తిప్పు. గుర్తు పెట్టు. నోరు మూయి.

టీక: పైపు = టర్బో పెట్రోలు కారులో బ్లో-ఆఫ్ వాల్వు నెత్తినుండి ఇన్‌టేక్ మ్యానిఫోల్డునకు పోవు సన్నని వాక్యూమ్ గొట్టమును; పీకద్దు = బలముకొద్దీ లాగవద్దు; రా = ఓ శిష్యుడా (పత్తికొండ ఊరి మెకానిక్ షెడ్లలో ఇది వాత్సల్యార్థకము); తిప్పు = కొసను పట్టి అటునిటు మెలిత్రిప్పి, అంటుకొన్న రబ్బరును విడిపించి, పిమ్మట తీయుము; గుర్తు పెట్టు = ఏ గొట్టము ఏ ముక్కుదో (ముక్కు = గొట్టమును తొడుగు మొన) విప్పకముందే టేపు చుట్టి తెలియజేయుము; నోరు = విప్పిన ముక్కు యొక్క రంధ్రమును; మూయి = శుభ్రమైన గుడ్డతో కప్పుము. కడపటి వాక్యము శిష్యుని నోటిని గూర్చినదని కొందరందురు. ప్రకరణబలముచేత అది చెల్లదు. చెల్లినను నష్టము లేదు.

తాత్పర్యము: వాల్వు మార్చువాడు వాల్వునకు కాదు, గొట్టమునకు భయపడవలెను.

విశేషాలు: వాల్వు మార్చే పనికి చెప్పిన సూత్రంలో వాల్వు పేరే లేదు. ఇది మరుపు కాదు. వాల్వు అంటే స్ప్రింగు పట్టి ఉంచిన ఒక మూత. ఎప్పుడు తెరుచుకోవాలో దానికి గొట్టమే చెబుతుంది. యాక్సిలరేటరు తొక్కినంతసేపు టర్బో నెట్టిన ఒత్తిడి మ్యానిఫోల్డు నుంచి గొట్టం గుండా వచ్చి మూతను అదిమి ఉంచుతుంది. కాలు తీయగానే థ్రాటిల్ మూసుకుంటుంది. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే టర్బో మాత్రం అప్పటికప్పుడు ఆగదు గదా. దారి మూసుకుపోయిన గాలి వెనక్కి తన్ని కంప్రెసర్ రెక్కలను కొడుతుంది. సరిగ్గా అప్పుడే మ్యానిఫోల్డులో వాక్యూమ్ పుట్టి, అదే గొట్టం గుండా మూతను పైకి గుంజుతుంది. ఇరుక్కున్న గాలి బయటికో, మళ్లీ టర్బో ముందరికో పోతుంది. పత్తికొండకు దగ్గరలోని ఎర్రగుడి అశోక శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. మన గొట్టమూ ఆ బాపతే, ఒక క్షణం తోస్తుంది, మరుక్షణం గుంజుతుంది. అందుకే దాని కొసలో వెంట్రుకవాసి పగులు రెండు వైపులా చెరుపు చేస్తుంది. తొక్కితే ఒత్తిడి మూతను సరిగ్గా అదమదు, బండి లాగదు. వదిలితే లెక్కలో లేని గాలి మ్యానిఫోల్డులో చొరబడి ఐడిలింగు ఊగుతుంది. యజమాని మాత్రం కొత్త వాల్వునే తిట్టుకుంటాడు.

ఇక ‘పీకద్దు’ ఎందుకంటే, ఎండ 40 డిగ్రీలు దాటే సీమలో బానెట్ కింద రబ్బరు గట్టిపడి ముక్కును కరచుకుంటుంది. లాగితే గొట్టమైనా చిట్లుతుంది, ప్లాస్టిక్ ముక్కైనా విరుగుతుంది. గొట్టం చిట్లితే చిన్న ఖర్చు. ముక్కు విరిగితే బేరం మ్యానిఫోల్డు దాకా పోవచ్చు.

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు: “పత్తికొండ టమోటా మార్కెట్టుకు వచ్చే బండ్లు చాలావరకు డీజిలువి. డీజిలు ఇంజను వేగాన్ని థ్రాటిల్‌తో అదుపు చేయరు కాబట్టి బ్లో-ఆఫ్ వాల్వు పనే లేదు. నీ సూత్రం ఈ ఊళ్లో ఎవరికి?” మొదటి రెండు మాటలూ నిజమే. అయితే థ్రాటిల్ లేని చోట మ్యానిఫోల్డులో తగినంత వాక్యూమ్ పుట్టదు కనుకనే డీజిలు కార్లకు, చిన్న బండ్లకు వేరే వాక్యూమ్ పంపు పెట్టారు. బ్రేకు బూస్టరు దాని మీదే బతుకుతుంది. చాలా బండ్లలో టర్బో యాక్చుయేటరు, పొగను కొంత తిరిగి ఇంజనులోకి పంపే ఈజీఆర్ వాల్వు కూడా అంతే. బ్లో-ఆఫ్ వాల్వు లేని బండిలోనూ గొట్టాలు ఉన్నాయి. సూత్రకారుడు వాల్వు పేరెత్తక పోవడంలోని తెలివి ఇక్కడ బయటపడుతుంది.

“కొత్త కార్లలో ఆ మూతను కరెంటు సోలినాయిడే తెరుస్తుంది, గొట్టమే లేదు” అనేది రెండో ఆక్షేపణ. అలాంటి కారు జోలికి సూత్రం పోదు. కాని ‘ఫుస్’ శబ్దం మీద మోజుతో గొట్టంతో నడిచే బజారు వాల్వు బిగించే కుర్రాళ్లున్నారు; చేతికి అందుతోంది కదా అని బ్రేకు బూస్టరు గొట్టానికే టీ ముక్క తగిలించే ఘనులూ ఉన్నారు. ఆ అతుకు కారితే పెడలు రాయిలా బిగుసుకుంటుంది. దీనికి టీక అక్కర్లేదు, తిట్టు చాలు.

“గొట్టం ఖరీదెంత, కోసి పారేసి కొత్తది వేస్తే పోలా?” అన్న ఆక్షేపణ మాత్రం బలమైనది. చాలావరకు ఒప్పుకోవలసిందే. బిరుసెక్కిన గొట్టాన్ని ముక్కు దగ్గర నిలువుగా చీల్చి ఒలవడం తిప్పడం కన్నా క్షేమం, బ్లేడు గాటు ముక్కు మీద పడకుంటే. కాని ‘కొత్తది’ అనగానే అన్నీ కొత్తవే కావు. లోపలి కొలత ఒక్క మిల్లీమీటరు ఎక్కువైనా పట్టు ఉండదు. రంగురంగుల పలచటి సిలికాన్ గొట్టం వాక్యూమ్ గుంజగానే చప్పిడి అవుతుంది. బయట చూస్తే నిగనిగ, లోపల దారి బంద్. పొడవు ఎక్కువైతే మడత పడుతుంది లేదా టర్బోకు తగిలి కాలుతుంది. తక్కువైతే ఇంజను అదిరినప్పుడల్లా కొస జారుతుంది. కనుక పాతదాన్ని పారేసే ముందు కొత్తదాని పక్కన పెట్టి కొలవాలి, అంటే పారేసేదాన్ని కూడా నలపకుండా తీయడమే మేలు.

‘నోరు మూయి’కి ఈ నేలలో బరువెక్కువ. నల్లరేగడి దుమ్ము తెరిచిన షెడ్డులోకి అడగకుండానే వస్తుంది. మ్యానిఫోల్డు ముక్కులో పడిన ఇసుక రేణువుకు సిలిండరు తప్ప వేరే దారి లేదు. అయితే ఎన్ని నోళ్లకు ఎన్ని గుడ్డలు పెట్టాలో సూత్రంలో లేదు. వ్యాఖ్యాత చేర్చేది ఇదొక్కటే: గుడ్డలు ఎన్ని పెట్టామో, బానెట్ దించే ముందు బల్ల మీద అన్నీ కనబడాలి.