అల్లుడికి పల్లకి, మామకు చెక్‌పోస్టు

ఆగస్టు 9 దగ్గరపడిందంటే మా బేతంచెర్ల వైపు టెంట్‌హౌస్ వాళ్లకు గిరాకీ. షామియానా, కుర్చీలు, మైకుసెట్టుతో పాటు ‘గిరిజన సెట్టు’ కూడా బాడుగకు అడుగుతారు. ప్లాస్టిక్ ఆకుల లంగాలు, నెమలీకలు గుచ్చిన అట్టకిరీటాలు, పూసల దండలు, వెదురు విల్లంబులు, మొహానికి పూసుకునే నల్లరంగు. ఇదే సెట్టు స్కూలు యానివర్సరీలో రాక్షసులకు పోతుంది, వినాయక నిమజ్జనంలో భూతగణాలకు పోతుంది. 1994లో ఐక్యరాజ్యసమితి ఆ తారీఖును ప్రపంచ ఆదివాసీ దినంగా ప్రకటించినప్పుడు ఇంతమందికి ఉపాధి దొరుకుతుందని దానికే తెలిసి ఉండదు.

ఇక సభ. జ్యోతి ప్రజ్వలన కాగానే డీజే బాక్సు ‘హుర్ర్ హుర్ర్’ అని అరుస్తుంది. కాలేజీ పిల్లలు ఆ లంగాలు కట్టుకుని గుండ్రంగా ఎగురుతారు. ‘మన నల్లమల అడవి బిడ్డల అపురూప నృత్యం, ధింసా!’ అంటాడు వ్యాఖ్యాత. ధింసా అరకు వైపు ఆట. అరకుకూ నల్లమలకూ నడుమ గోదావరి, కృష్ణ రెండూ పారుతున్నాయి. పారితే పారనీ, వేదిక మీదికి నీళ్లు రావు కదా. అదే వ్యాఖ్యాత కూచిపూడిని భరతనాట్యం అని నోరు జారితే మాత్రం పత్రికలకు పుంఖానుపుంఖంగా లేఖలు పోతాయి.

నల్లమల చెంచు లేడా అంటే, ఉన్నాడు. ముందు వరసలో చిట్టచివరి కుర్చీలో. పొద్దున్నే గూడేనికి జీపు పంపి తెచ్చుకున్న పెద్దాయన. మెడలో బంతిపూల దండ. వక్తలందరూ ఆయన్ను చూపిస్తూ ‘అమాయకులు, కల్లాకపటం ఎరగనివారు’ అంటుంటే చేతులు కట్టుకుని వింటాడు. మధ్యాహ్నం రెండు దాటి, పక్కన సాంబారు వాసన మొదలయ్యాక మైకు ఆయన దగ్గరికి వస్తుంది. ‘రెండు ముక్కల్లో మీ సంస్కృతి గురించి చెప్పండి.’

‘సామీ, మా గూడెంలో బోరు చెడిపోయి...’

‘తాతా, అది సోమవారం గ్రీవెన్సులో చెప్పుకోవల్ల. ఇప్పుడు పాట పాడు, పాట.’

‘తేనెకు పోతే పాట వచ్చాది సామీ. కుర్చీలో కూచోబెడితే యాడ వచ్చాది?’

ఆ రోజు మొత్తానికి కళ గురించి ఎవరైనా తెలివైన మాట అన్నారంటే అదొక్కటే. దాన్ని ఎవరూ రాసుకోరు. మా ఊరి పాలిష్ బండ మీద విల్లంబు చెక్కించిన జ్ఞాపికను ఆయన చేతిలో పెట్టి ఫొటో తీస్తారు. రాయి బరువు గట్టిదే. దాన్ని చంకలో పెట్టుకుని బస్టాండు దాకా ఆయన నడవాల్సిందే. తెచ్చేటప్పుడు ఉన్న జీపు తిరిగి దింపేటప్పుడు ఉండదు.

ఇంతకీ ఈ పెద్దాయన ఎవరు? దేవుళ్ల మామ. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడినాడు. శ్రీశైలం మల్లన్న చెంచులకు చెంచు మల్లయ్య, వాళ్ల ఇంటి అల్లుడు. సీమలో ఇంత పెద్ద దేవుళ్లు ఇద్దరికి పిల్లనిచ్చిన ఇల్లు ఇంకొకటి ఉంటే చూపించండి. మా పక్కన కొండల్లోని మద్దిలేటి స్వామి కూడా ఆ నరసింహుడే. వీధికొక మద్దిలేటి ఉన్న ఊళ్లు మావి. అల్లుడి పేరు పిల్లలకు పెట్టుకుంటాం, మామ పేరు అడగం.

కనుమ నాడు అహోబిలేశుడు పరువేటకు బయలుదేరుతాడు. నలభై రోజులకు పైగా, ముప్పైకి పైగా ఊళ్లు పల్లకిలో తిరిగి తన కల్యాణానికి జనాన్ని పిలుచుకుంటాడు. ఇంత మర్యాద గల పెళ్లికొడుకు మరొకడు లేడు. ఈ వేడుకలో చెంచులు పల్లకి మీదికి బాణం వేస్తారు. పెళ్లికూతురి తరఫువాళ్ల ముద్దుముచ్చట అది. జనం దండం పెడతారు, సెల్‌ఫోన్లు పైకి లేస్తాయి. ఆ ఒక్క రోజు ఆ విల్లు ఆచారం. మర్నాడు అదే విల్లు అదే భుజాన అడవిలో కనిపిస్తే 1972 నాటి వన్యప్రాణి చట్టం.

పులి బతకాలి, కాదనను. దోర్నాల నుంచి శ్రీశైలం పోయే ఘాటు రోడ్డుకు రాత్రిపూట గేటు వేస్తున్నారంటే మంచిదే. కానీ ఆ రోడ్డు లేని కాలంలో నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను మీదుగా కాలినడకన వచ్చే యాత్రికుడికి దారి చూపింది ఎవరు? ఆ దారి చూపినవాడి మనవడిని నేడు ‘ఈ తేనెడబ్బా యాడిది?’ అని అడుగుతున్నాం. అడవి ఫలసాయం ఏరుకునే హక్కును 2006లో చట్టమే ఒప్పుకుంది. హక్కేమో కాగితం మీద ఉంది, చెక్‌పోస్టు రోడ్డు మీద ఉంది.

మనకు చెంచులంటే ప్రేమ లేదని ఎవరూ అనలేరు. ఓబయమంత్రి ‘గరుడాచలం’ యక్షగానం నాటి నుంచీ మన సాహిత్యానికి చెంచీత కావలసిందే. 1943లో అయితే ఈ ప్రేమ రెండు చోట్ల ఒక్కసారిగా పొంగింది. వియన్నాలో పుట్టిన హైమెన్‌డార్ఫ్ దొర కృష్ణకు అవతల, నిజాం రాజ్యంలోని అమ్రాబాద్ కొండల్లో చెంచుల మధ్య తిరిగి రాసిన పుస్తకం ఆ ఏడే ఇంగ్లీషులో అచ్చయింది. ‘చెంచులక్ష్మి’ సినిమా కూడా ఆ ఏడే వచ్చింది. అది చాలక 1958లో మళ్లీ తీశారు, అక్కినేని, అంజలీదేవిలతో. పుస్తకం చదవడానికి చెంచుకు ఇంగ్లీషు రాదు, సినిమా చూడటానికి గూడెంలో టాకీసు లేదు. దొర మాత్రం ఒక పని చేశాడు. వాళ్ల నడుమ కూర్చుని, ఎవరు ఎవరికి ఏమవుతారో, ఏ గడ్డ ఎప్పుడు తవ్వుతారో ఓపిగ్గా అడిగి రాసుకున్నాడు. మనం మేకప్‌మ్యాన్‌ను పిలిపించినాం.

అడిగి ఉంటే తెలిసే సంగతి ఒకటి చెబుతాను. కొండ చరియకు పట్టిన తేనె తీయడానికి చెంచు తాడు కట్టుకుని లోయలోకి దిగుతాడు. కింద పాతాళం, చుట్టూ పొగ, మొహం నిండా ఈగలు. పైన తాడు పట్టుకునేది ఎవరు? అన్నో తమ్ముడో కాదు, బావమరిది. వాడు చేయి వదిలితే వాడి చెల్లెలి తాళే తెగుతుంది కాబట్టి. అన్నదమ్ముల మధ్య ఏ పాత పగ ఉందో ఎవరికి తెలుసు? మనిషి మనసును ఇంత చదివిన ఆచారం చేతికి దొరికితే మన నాటకకర్తలు అయిదంకాలు రాసి రంగస్థలం అదరగొట్టేవాళ్లు. చెంచులు దాన్ని నాటకం చేయలేదు, ప్రాణానికి కాపు చేసుకున్నారు.

ఇప్పుడు చెంచు సంస్కృతిని కొండ అంచున వేలాడదీసి పైన తాడు పట్టుకున్నవాళ్లను చూడండి. బడ్జెట్టు మార్చిలోగా ఖర్చు కావాలని ఒక శాఖ, ప్యాకేజీలో ‘ట్రైబల్ నైట్’ ఉండాలని ఒక రిసార్టు, పీహెచ్‌డీకి ఒక అధ్యాయం తక్కువైందని ఒక పరిశోధకుడు, రీలుకు లైకులు రావాలని ఒక కుర్రాడు. ఒక్కడి చెల్లెలూ ఆ గూడెంలో కాపురం చేయడం లేదు.

అంత దూరం ఎందుకు, మా ఊరి సంగతే చూడండి. కనుమకింది కొట్టాల దగ్గర బిలసర్గం గుహలున్నాయి. 1884, 85లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ వాటిని తవ్వించారు. బయటపడిన ఎముకల్లో, అంతరించిపోయిన ఒక ఖడ్గమృగానికి శాస్త్రజ్ఞులు కర్నూలు పేరే పెట్టారు. ఎప్పుడో చచ్చిపోయిన మృగానికి జిల్లా పేరు దక్కింది. బతికున్న చెంచు కుల ధ్రువపత్రం కోసం ఆఫీసు వరండాలో కూర్చున్నాడు. మనకు అంతరించినవాటి మీద ఉన్న గౌరవం మిగిలినవాటి మీద లేదు. శ్రీశైలంలో చెంచులక్ష్మి గిరిజన మ్యూజియం ఉంది. టిక్కెట్టు కొని లోపల బొమ్మ చెంచులను చూస్తాం. వాళ్లు బోరు గురించి అడగరు.

ఎండాకాలం సీమలో ఎవరింటికి పోయినా నన్నారి ఇస్తారు. గ్లాసు ఎత్తి తాగి ‘అబ్బా, ఇది మా సీమ సంస్కృతి’ అంటాం. ఆ వాసన నల్లమల మట్టిలోని వేరుది. ఏ తీగకు ఏ గడ్డ ఊరిందో ఆకు చూసి చెప్పడం, తవ్వినా తీగ మళ్లీ పట్టుకునేట్టు కొంత గడ్డ మట్టిలోనే వదలడం, అది కూడా విద్యే. కాకపోతే దాన్ని స్టేజీ మీద అయిదు నిమిషాల్లో ఆడలేరు, దానికి డీజే కుదరదు.

ఈ మధ్య పరువేటకు యునెస్కో గుర్తింపు తేవాలన్న ప్రయత్నం మొదలైంది. రావాలనే నా కోరిక కూడా. అయితే 2003 నాటి యునెస్కో ఒప్పందం అమలు నిబంధనల్లో ఒక చిక్కుంది. ఆ సంప్రదాయం ఎవరిదో ఆ జనం తెలిసి, ఇష్టపడి ఒప్పుకున్నట్టు దరఖాస్తుతో పాటు రుజువు జతచేయాలి. పూజారులు, పల్లకి మోసే బోయీలు, ఊరి పెద్దలు ఎట్లాగూ సంతకాలు పెడతారు. పెళ్లికూతురి తరఫున ఎవరినో ఒకరిని చూడాలి. వేలిముద్రకు సిరాడబ్బా, ఫొటోగ్రాఫరు, ఒక శాలువా ఉంటే చాలు. జీపు బైర్లూటి చెంచుగూడేనికి పంపండి. అది తారు రోడ్డు మీదే ఉంది, మధ్యాహ్నం భోజనాలకు ముందే పని తెమిలిపోతుంది.