శాంపిల్ తీస్కపోయిన్రు

2025 జులైలో కేంద్ర ప్రభుత్వం కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలు నోటిఫై చేసింది. నేలలోకి విషం దింపినవాడే దాన్ని శుభ్రం చేసే ఖర్చు కూడా భరించాలట. చదవగానే జాలేసింది. ఫ్యాక్టరీల మీద కాదు, మూతపడ్డ పెట్రోలు బంకు మీద.

పటాన్‌చెరు దాటాక ముంబై హైవే పక్కన ఓ పాత బంకు ఉందనుకోండి. పంపులు పీకేశారు, పైకప్పు తుక్కుకు అమ్మేశారు, ముందున్న ఖాళీలో మండీ బిర్యానీ వెలిసింది. భూమిలోని ఇనుప ట్యాంకులను మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. ట్యాంకుకు తుప్పు పట్టి సూదిబెజ్జమంత చిల్లి పడితే చప్పుడేమీ కాదు. రిజిస్టర్లో ఆ తరుగు ‘ఆవిరి’ ఖాతాలో పడిపోతుంది. పెట్రోలు నీటికన్నా తేలిక, అందుకే దిగి దిగి భూగర్భజలం మీద పొరలా తేలుతుంది. అందులోని బెంజీన్ కొంత నీళ్లలో కరుగుతుంది. బెంజీన్ అంటే క్యాన్సర్ తెచ్చే సరుకు. అది ఎందాకా పాకిందో తేల్చాలంటే చుట్టూ బోర్లు వేసి, ఒక్కో లోతున మట్టి తీసి, నీళ్లు పట్టి, ఆ నీరు ఎటు నడుస్తోందో చూడాలి. మనదేమో గ్రానైటు నేల. నీళ్లు పగుళ్ల వెంట పోతాయి. ఈ బోరులో వాసన గుప్పుమంటే, పది గజాల అవతలి బోరు ఏమీ ఎరగనట్టు ఉంటుంది.

ఇంతా చేసి దోషిని పట్టుకొస్తే, ఇంకెక్కడైనా బంకు యజమాని తల వంచుకునేవాడేమో. ఇక్కడ మాత్రం ఆయన వకీలు నవ్వుతాడు. ‘‘నీళ్లల్ల టోలీన్ దొరికిందా సార్? పెట్రోల్ల ఉంటది, నిజమే. మందుల కంపెనీలు సాల్వెంటుగా వాడేది గూడ అదే గదా! మావోడిదే అని ఏం గ్యారంటీ?’’ గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు. ఇన్ని ఫ్యాక్టరీల నడుమ నేరం చేసినవాడికి సాక్ష్యాలు మాయం చేసే పనే లేదు, ఇరుగుపొరుగే ఆ సాయం చేసిపెడతారు.

పోనీ, పరీక్షలకు కొరవా అంటే అదీ లేదు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం ఇక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలే నీళ్లను పరీక్షించిన ఫలితాలు అచ్చేసింది. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థాలు చేరే కేంద్రమది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ తేలింది. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. రోజుకు 45 కిలోలని లెక్క కట్టారు. అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు 90 వేలు. అప్పటికి 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ ఐదు రోజుల్లో వాడేంత మందును మనం ఒక్కరోజులో, చీటీ అడగకుండా, వాగుకు తాగించాం. పైగా అది శుద్ధి చేశాక వదిలిన నీరు! 2009లో మరో పరిశోధన చెరువుల్లోనూ ఊళ్ల బావుల్లోనూ మందులున్నాయని తేల్చింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం లేని ఊరుంటే ఉండొచ్చు గానీ, ఇక్కడ బావులే మందుల షాపులు.

అదే ఏడాది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్కులు కూడా వేసింది. 70 దాటితే ‘అత్యంత కలుషిత’ ప్రాంతం. పటాన్‌చెరు-బొల్లారానికి 70.07 వచ్చాయి. సున్నా పాయింట్ సున్నా ఏడుతో గట్టెక్కాం. ఆ చివరి చుక్క ఎవరు పోశారో గానీ, వాళ్లకు సన్మానం బాకీ ఉంది.

మరి వాగు సంగతి? నక్కవాగు మంజీరలో కలుస్తుంది, మంజీర గోదావరిలో. ఇలాగైతే ఎలాగని 18 కిలోమీటర్ల పైపు వేసి, శుద్ధి కేంద్రం నీళ్లను నగరం మురుగు లైనులో కలిపి, అంబర్‌పేట మీదుగా మూసీకి పంపారు. మూసీ పోయేది కృష్ణకు. పట్టిసీమకంటే ముందే గోదావరి-కృష్ణా అనుసంధానం పూర్తిచేసిన ఘనత మనదే. శిలాఫలకం వేయడం ఒక్కటే మరిచారు.

డాక్టర్ కిషన్‌రావు వంటివాళ్లు రోగులను చూస్తూనే ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. ఈ కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టుకెక్కిన పిటిషన్ సర్కారు ఉద్యోగిలా బదిలీల మీద బతికింది. 2001లో హైదరాబాదు హైకోర్టు, 2013లో చెన్నై హరిత ట్రిబ్యునల్. 2017లో తీర్పొచ్చింది. పిటిషన్ వేసిననాడు పుట్టిన పిల్లాడికి అప్పటికి 27 ఏళ్లు. ఈపాటికి ఏదో కంపెనీలో షిఫ్టు డ్యూటీ చేస్తూ ఉంటాడు.

చెరువులో చేపలు తేలిన ప్రతిసారీ ఒక జీపు వస్తుంది. సీసాలు దిగుతాయి, ఫొటోలు దిగుతాయి. జీపు పోయాక గట్టు మీద ముచ్చట ఇట్ల ఉంటది:

‘‘ఏం జేసిన్రే?’’

‘‘శాంపిల్ తీస్కపోయిన్రు.’’

‘‘పోయినసారి తీసింది ఏమైందట?’’

‘‘గది గూడ ల్యాబులనే ఉన్నదట.’’

ఇప్పుడు కొత్త నిబంధనల దగ్గరికి వద్దాం. అనుమానం ఉన్న స్థలాల జాబితా ఆరు నెలలకోసారి ఇవ్వాలి. ప్రాథమిక పరీక్షకు 90 రోజులు, వివరమైన సర్వేకు మరో మూడు నెలలు, బాధ్యుణ్ని తేల్చడానికి 90 రోజులు. అన్నింటికీ గడువుంది, శుభ్రం చేయడం పూర్తికావడానికి తప్ప. నిబంధనలు వచ్చేనాటికి దేశంలో గుర్తించిన కలుషిత స్థలాలు 103. వాటిలో పని మొదలైనవి ఏడు.

ఈలోగా ఈ వైపు ప్లాటు కొనేవాళ్లకు ఒక మనవి. ముప్పై ఏళ్ల ఈసీ తీయిస్తారు, లింకు డాక్యుమెంట్లు వకీలుకు చూపిస్తారు, బోరు ఈశాన్యంలో ఉందో లేదో వాస్తు పంతులును అడుగుతారు. బెంజీన్ కలిసిన నీళ్లు కూడా ఈశాన్యంలోంచి వస్తే వాస్తుకు అభ్యంతరం లేదు. కాబట్టి ఆ జాగాలో ఇంతకుముందు ఏం నడిచిందో, ఆ బోరు నీళ్లలో ఏముందో మీరే కనుక్కోండి. గుర్తింపు ఉన్న ల్యాబులో పరీక్ష చేయించి, కాగితం చేతికొచ్చాకే అడ్వాన్సు ఇవ్వండి.