అంబాసిడర్ జీర్ణోద్ధరణ శాస్త్రం

అనుబంధ చతుష్టయం

ఏ శాస్త్రానికైనా ముందుగా విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగూ చెప్పి తీరాలని పూర్వుల కట్టుబాటు. చెప్పకపోతే శ్రోత మధ్యలో లేచిపోతాడు. కాబట్టి వినండి. విషయం: తుప్పు పట్టిన అంబాసిడర్ కారు. ప్రయోజనం: దాన్ని మళ్ళీ రోడ్డెక్కించడం, అది కుదరకపోతే ఎక్కుతుందన్న నమ్మకాన్ని ఇంట్లోవాళ్ళలో నిలబెట్టడం. సంబంధం: తుప్పుకీ కారుకీ ఉన్నదే, ఒకటి పెరిగేకొద్దీ రెండోది తరుగుతుంది. ఇక అధికారి, అంటే ఈ శాస్త్రం చదవడానికి అర్హుడు, మూడు రకాలు. కొత్త కారు కొనే స్తోమత ఉండీ కొననివాడు ఉత్తముడు. స్తోమత లేక కొననివాడు మధ్యముడు. తాత పోయాక కొట్టంలో కారు మిగిలినవాడు అధముడు. లోకంలో మూడో రకం వాళ్ళే ఎక్కువ.

క్షేత్ర నిర్ణయం

సిద్దిపేట జిల్లా ధూళిమిట్టనే ఎందుకు క్షేత్రంగా తీసుకున్నారని అడగొచ్చు. సముద్రానికి ఇంత దూరాన కూడా తుప్పు సిద్ధాంతం నిలబడితే ఇంకెక్కడైనా నిలబడుతుందన్నది మొదటి హేతువు. రెండోది నంబరు ప్లేటు. ఈ ఊళ్ళన్నీ వరంగల్ జిల్లాలో ఉన్నప్పుడు రిజిస్టరైన కార్లకు ఏపీ 36. 2016 అక్టోబరు 11న ఇవి సిద్దిపేట జిల్లాలో కలిశాయి. ఆ జిల్లాకు దక్కిన అంకె కూడా 36. 2024 మార్చిలో టీఎస్ పోయి టీజీ వచ్చినా 36 అక్కడే ఉంది. రాష్ట్రం మారింది, జిల్లా మారింది, మద్దూరు నుంచి విడిపోయి మండలమూ మారింది. ఇన్ని మార్పుల్లో కదలనివి రెండే: ఆ అంకె, కొట్టంలో కారు.

సూత్రం 1: ఇనుము, నీరు, గాలి కలిసినచోట తుప్పు, కలవనిచోట షోరూం.

భాష్యం. ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు. "విశాఖలో, మచిలీపట్నంలో కార్లు తుప్పు పడుతున్నాయంటే ఉప్పుగాలి ఉంది. ధూళిమిట్టకు సముద్రమెక్కడిది? ఎండాకాలం నేల నెర్రెలిచ్చే చోట తుప్పుకు ఆధారమేది?" అంటాడు. వాదన బాగానే ఉంది గానీ కారు కిందికి దూరి చూస్తే నిలవదు.

తుప్పుకు కావలసింది తడి. ఉప్పు దాన్ని తొందరపెడుతుంది, అంతే. వానల్లో చెరువు కట్ట మీద, మొరం బాట మీద తిరిగిన కారుకు మడ్‌గార్డు లోపల మట్టి పెళ్ళలు కడుతుంది. వాన వెలిసి వారమైనా పెళ్ళ అడుగున తడి ఆరదు. కేంబ్రిడ్జిలో యు.ఆర్. ఎవాన్స్ అనే పండితుడు ఇనుప రేకు మీద ఉప్పునీటి చుక్క వేసి ఒక సంగతి తేల్చాడు. చుక్క అంచున గాలి బాగా తగులుతుంది, నడుమ తగలదు. కరిగిపోయేది మాత్రం గాలి తగలని నడుమ ఇనుమే. మట్టి పెళ్ళ కింద జరిగేదీ అదే. కారు మీద దుమ్ము తుడిచి తృప్తిపడే యజమాని ఈ ఒక్క ప్రయోగం తెలుసుకుంటే చాలు, గుడ్డ పక్కన పడేసి నీళ్ళ పైపు పట్టుకుని కారు కిందికి దూరతాడు.

ఇక సముద్రం సంగతి. అది ధూళిమిట్టకు రాదని ఎవరన్నారు? పొటాష్ సంచిలో వస్తుంది. ఎర్రగా కనబడే ఆ ఎరువు పొటాషియం క్లోరైడ్, అంటే వంటింటి ఉప్పుకు పెదనాన్న కొడుకు. పత్తికీ వరికీ ఎరువులు మోసిన డిక్కీ అడుగున సంచి చిరిగి రాలిన పిడికెడు చాలు. పక్కనే యూరియా గింజలు నాలుగు పడితే, అవి గాలిలోంచి తేమ లాగి ఆ ఉప్పుకు అందిస్తాయి. రైతు చేను పండినన్నాళ్ళూ డిక్కీలో తుప్పూ పండుతుంది. రెండు పంటలకూ ఎరువు ఒకటే.

సూత్రం 2: కనబడింది పావు, కనబడనిది ముప్పావు.

భాష్యం. తుప్పుకు ఇష్టమైన తావులు తలుపుల అడుగు, కాళ్ళ కింది రేకు, డిక్కీ నేల, తలుపుల కింద పొడుగునా ఉండే పెట్టెలాంటి రేకు. తలుపు అడుగున నీళ్ళు కారిపోవడానికి కంపెనీవాడు సన్న కంతలు పెట్టాడు. అవి దుమ్ముతో పూడుకుపోతాయి. ఆపైన అద్దం అంచున దిగిన ప్రతి వానా తలుపులోనే నిలవుంటుంది.

ఇందులో వేదాంతం కూడా ఉంది. జీపుకు ఛాసిస్ వేరు, బాడీ వేరు. కనుక జీపు ద్వైతి. దాని బాడీ పూర్తిగా పోయినా ఛాసిస్ మీద కుర్చీ వేసుకుని పోవచ్చు. అంబాసిడర్ అద్వైతి, బాడీయే ఛాసిస్. తలుపు కింది పెట్టె తుప్పుపడితే అందం పోవడంతో ఆగదు, కారు నడుం విరుగుతుంది. తలుపు వేసేటప్పుడు కొంచెం ఎత్తి వేయాల్సి వస్తోందంటే కారు కుంగడం మొదలైందని గ్రహించాలి.

తుప్పును తెలుసుకోవడానికి ప్రమాణాలు నాలుగు. కాళ్ళ దగ్గరి మ్యాట్ ఎత్తితే ధూళిమిట్ట భూమి దర్శనమివ్వడం ప్రత్యక్షం. పొగ ఉన్నచోట నిప్పున్నట్టు, పెయింటు మీద పొక్కులున్నచోట కింద తుప్పుందనుకోవడం అనుమానం. ఇలాంటి పొక్కులే ఉన్న ఫలానావాళ్ళ కారు తలుపు ఒకనాడు చేతిలోకి ఊడొచ్చింది గనుక మనదీ వస్తుందనుకోవడం ఉపమానం. నాలుగోది శబ్దం. తార్కికులకు శబ్దమంటే ఆప్తవాక్యం. రేకు పని చేసే ఉస్తాద్‌కు మాత్రం శబ్దమంటే చప్పుడే. స్క్రూడ్రైవరు తిప్పి పట్టుకుని, దాని పిడితో రేకును జానకొకచోట తడుతూ పోతాడు. "టంగు"మంటే ఇనుముంది. "బొద్దు"మంటే ఒకప్పుడు ఉండేది. చప్పుడేమీ లేకుండా పిడి లోపలికి దిగితే ఆయన మనవైపు తిరిగి ఏమీ అనడు, ఛాయ్ చెప్పమంటాడు.

అయిదో ప్రమాణం అయస్కాంతం. పాత స్పీకరులోంచి ఊడదీసినదైనా చాలు. ఇనుముంటే అతుక్కుంటుంది, మందంగా లప్పం మెత్తిన చోట జారిపోతుంది. సూది అయస్కాంతం వైపు జరగడానికి అదృష్టం, అంటే కంటికి కనబడని కారణం, అని వైశేషిక సూత్రాల్లో కణాదుడు తేల్చాడు. పాత కార్లు కొనేవాళ్ళ విషయంలో నేటికీ వేరే కారణం కనిపెట్టినవారు లేరు.

సూత్రం 3: కోయనిదే అతకదు, ఆరనిదే నిలవదు.

భాష్యం. చికిత్సలో మూడు మతాలున్నాయి. కారును కిలోల లెక్కన తూకానికి వేసెయ్యమనేది వైరాగ్య మతం. కంతలో కాగితాలు కుక్కి, పైన లప్పం మెత్తి, రంగేసి అమ్మెయ్యమనేది మాయావాదం. తుప్పు కోసేసి కొత్త రేకు అతకమనేది కర్మ మార్గం. లప్పం తేమ పీలుస్తుంది, పీల్చి కింది తుప్పును భద్రంగా పోషిస్తుంది. అందుకే మాయావాది కారు రెండు వానాకాలాలు దాటదు. అంతలోగా అది చేతులు మారి ఉంటుంది కాబట్టి అతని మతానికి భంగం లేదు.

లప్పాన్ని తిట్టడం మన ఉద్దేశం కాదు. పక్కనే చేర్యాల ఉంది. అక్కడి నకాషీ చిత్రకారులు ఖాదీ గుడ్డ మీద సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతలు పూసి, ఆరబెట్టి, నేల భాగమంతా ఎర్రరంగు వేసి కథలు గీస్తారు. మన ఉస్తాద్ రేకు మీద రెడాక్సైడు ఎర్రగా పూసి, పైన లప్పం పెడతాడు. చేర్యాలలో పూత కింద గుడ్డ ఉంటుంది గనుక అది కళ. కారులో పూత కింద ఏమీ లేకపోతే అది మోసం. భేదం అంతమాత్రమే.

కర్మ మార్గం ఇది. ముందు బ్యాటరీ తీగ విప్పాలి, పెట్రోలు ట్యాంకు దించాలి, సీట్లూ మ్యాట్లూ బయటపడెయ్యాలి, తడి గోనె సంచి చేతికందేలా పెట్టుకోవాలి. తళతళలాడే ఇనుము వచ్చేదాకా తుప్పు కోయాలి. మొహమాటపడి అంచున కొంచెం తుప్పు వదిలితే వెల్డింగు దాన్ని పట్టుకోదు. కంత మీద అట్టముక్క పెట్టి కొలత తీసి, ఆ కొలతకు రేకు కత్తిరించాలి. ఒక్క గుక్కలో అతికితే వేడికి రేకు వంకరపోతుంది. అందుకని ఇక్కడొక చుక్క, ఆ మూల ఒక చుక్క పెడుతూ, మధ్యలో చల్లారనిస్తూ రావాలి. ఈ ఓపిక లేని ఉస్తాద్ అతికిన తలుపు మీద ఎండ పడితే చెరువులో అలలు కనబడతాయి.

రేకు ఎక్కడిదని అడగకండి. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసల్లో వండిన ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వెతుక్కుంటూ వచ్చారు. ఆ తెలంగాణ నేల మీదే ఇవాళ జానెడు ప్యాచీ కోసం పాత నూనె డ్రమ్ము కోస్తున్నాం.

కోయడానికి వీల్లేని సన్న గుంటల్లో ఫాస్ఫారిక్ ఆమ్లం పూస్తే, తుప్పు నల్లటి ఐరన్ ఫాస్ఫేటు పొరగా మారుతుంది. ఢిల్లీ ఇనుప స్తంభం దాదాపు 1600 ఏళ్ళు నిలవడానికి అందులోని భాస్వరం వల్ల పైన ఏర్పడిన ఇలాంటి పొరే కారణమని లోహశాస్త్రజ్ఞులు చెబుతారు. అంగట్లో దొరికే తుప్పు మందు సీసాలో ఉన్నది గుప్తుల కాలపు రహస్యమే, కాకపోతే మూత సరిగా పట్టదు. చిన్న బోల్టులకు నిమ్మ ఉప్పు నీళ్ళు చాలు. రాత్రి నానబెట్టి, పొద్దున కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి. రాయకపోతే మధ్యాహ్నానికి మళ్ళీ ఎర్రబడతాయి. కాలిన ఇంజనాయిల్ అడుగున పూయడం జానపద వైద్యం. ఇనుమును కాపాడుతుంది, రబ్బరు బుష్‌లను తింటుంది.

సూత్రం 4: కావలసింది దొరకదు, దొరికింది అవతలి వైపుది.

భాష్యం. దీనికి ఉదాహరణ నిత్యం జరిగే ఈ ఫోను సంభాషణ.

"అన్నా, అంబాసిడర్‌ది డోర్ హ్యాండిల్ ఉన్నదా?"

"ఏ మోడలన్నా?"

"మార్క్ 4."

"ముంగటిదా, ఎన్కదా?"

"ముంగటిది."

"ఎడమదా, కుడిదా?"

"ఎడమది."

"కుడిది ఉన్నదన్నా. పంపాల్నా?"

దీన్ని విధి అనుకోవడం అజ్ఞానం. మన దేశంలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు. కుడి తలుపే ఎక్కువసార్లు తెరుస్తారు, కుడి హ్యాండిలే ముందు విరుగుతుంది, అంగడివాడు ఏళ్ళ తరబడి కుడివే తెప్పిస్తాడు. ఎడమది విరిగేనాటికి తెప్పించడానికి తయారీయే లేదు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో 1950ల చివర్లో పశ్చిమ బెంగాల్ ఉత్తర్‌పాడాలో మొదలైన అంబాసిడర్ తయారీ 2014 మే 24న ఆగిపోయింది. జూన్ 2న తెలంగాణ వచ్చింది. కొత్త రాష్ట్రానికీ ఆ ఫ్యాక్టరీకీ తొమ్మిది రోజుల్లో ముఖాముఖి తప్పిపోయింది.

ఇంజను సామాను మాత్రం ఇంకా దొరుకుతుంది, ఊరూరా ట్యాక్సీలు తిరిగిన పుణ్యం. దొరకనివి పైపై సొగసులు: ముందు జాలీ, దీపాల అద్దాలు, మెరుపు పట్టీలు, అద్దాల రబ్బరు బీడింగు. మార్క్ మారినప్పుడల్లా కంపెనీవాడు ఇంజను కన్నా ముందు ముక్కూ మొహం మార్చాడు మరి. వీటి కోసం చేసే యాత్రలు మూడు విధాలు. హైదరాబాదు పుత్లీబౌలి, సికింద్రాబాదు రాణిగంజ్ నిత్యం. 1966లో ఏర్పడ్డ విజయవాడ జవహర్ ఆటోనగర్ నైమిత్తికం. చెన్నై పుదుప్పేట, కోల్‌కతా మల్లిక్ బజార్ కామ్యం; మల్లిక్ బజార్ అయితే కారు పుట్టినింటికి దగ్గర.

అయితే క్షేత్రాలన్నీ తిరిగి వచ్చినవాడు చెప్పే మాట ఒకటే: సామాను ఉండేది అంగట్లో కాదు, ఎవరో ఒకరి జ్ఞాపకంలో. జనగామలో రిటైరైన సర్కారు డ్రైవరు ఒకాయనకు, ఫలానా ఆఫీసు వెనక వేపచెట్టు కింద నాలుగు చక్రాలూ లేని బండి ఒకటి ఉండేదని గుర్తుంటుంది. ఆ బండి కొన్నవాడి బావమరిది దగ్గర దాని తలుపులుంటాయి, కోళ్ళగూటికి. ఇక్కడ మర్యాద చాలా ముఖ్యం. వెళ్ళీ వెళ్ళగానే తలుపు అడిగితే దానికి పదింతల ధర పలుకుతుంది. మొదటిసారి పలకరింపు, రెండోసారి వాళ్ళ పిల్లవాడి చదువు, మూడోసారి కోళ్ళు. కోళ్ళకు గూడు పాతబడిందని, కొత్త జాలీ తలుపు తెచ్చిస్తానని మనమే అన్నప్పుడు హ్యాండిల్‌తో సహా తలుపు చేతికొస్తుంది. పాత కారు బాగుచేయడం మెకానిక్ పని అనుకునేవాళ్ళకు ఈ శాస్త్రంలో ప్రవేశం లేదు. అందులో ముప్పావు వంతు పెత్తనాల పని.

సూత్రం 5: అన్నీ మారినా అదే కారు, నంబరు పోతే ఏ కారూ కాదు.

భాష్యం. మిలిందుడనే యవన రాజు నాగసేన భిక్షువు దగ్గరికి రథమెక్కి వచ్చాడు. ఇరుసు రథమా, చక్రం రథమా, కాడి రథమా అని భిక్షువు అడుగుతూ పోతే ఏదీ కాదని రాజు ఒప్పుకోక తప్పలేదు. మన అంబాసిడర్‌కు తలుపు కోళ్ళగూటిది, ప్యాచీలు నూనె డ్రమ్మువి, సీట్లు జనగామలో కుట్టించినవి, ఇంజను ఇంకో బండిది. ఇందులో తాత కొన్న కారు ఏది?

రెండువేల ఏళ్ళ ఈ చిక్కును రవాణా శాఖ విప్పింది. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకు ముగుస్తుంది, ఆపైన అయిదేళ్ళకోసారి పునరుద్ధరణ. 2022 ఏప్రిల్ 1న ఆ రుసుము 600 రూపాయలు కాస్తా 5,000 అయింది. పునరుద్ధరణకు బ్రేక్ ఇన్‌స్పెక్టరు దగ్గరికి బండి తీసుకుపోతే, ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దుతారు. అంకెలు తెల్లగా పైకి తేలితే అదే కారు. ఆత్మ ఉన్నదెక్కడో ఇంత తేలిగ్గా చూపించిన దర్శనం మరొకటి లేదు. కాకపోతే గీతలో చెప్పిన ఆత్మకు తడి భయం లేదు, దీనికుంది. కనుక యజమాని అన్నిటికన్నా ముందు ఆ జానెడు రేకుకు నూనె రాసుకోవాలి.

ఫలశ్రుతి

ఈ శాస్త్రం విన్నవాడికి ఒక మెకానిక్ పరిచయమవుతాడు. చదివినవాడికి ముగ్గురు అవుతారు, వాళ్ళలో ఇద్దరికి తమలో తమకు పడదు. ఆచరించినవాడికి జనగామ నుంచి కోల్‌కతా దాకా చుట్టరికాలు కలుస్తాయి. పెళ్ళి శుభలేఖలు వేయించేటప్పుడు అంబాసిడర్ వైపు వాళ్ళకని వేరే కట్ట పెట్టుకోవాల్సి వస్తుంది. దీన్ని ఇతరులకు బోధించినవాడికి మాత్రం ఊళ్ళో పాత కార్లన్నీ ఇంటి ముందుకే వచ్చి ఆగుతాయి. వాటిలో సగం, తోసుకుంటూ తెచ్చినవి.