సాగదీసిన అక్షరాలు

ఏ అపార్ట్‌మెంట్ బ్రోషరు తిప్పినా, ఏ కాఫీ షాపు మెనూ పట్టుకున్నా ఇప్పుడు ఒకటే రకం ఇంగ్లీషు అక్షరాలు. సన్నగా, వెడల్పుగా, ఒకదానికొకటి పడనట్టు ఎడంఎడంగా నిలబడి ఉంటాయి. పైగా బూడిద రంగు. అదేమంటే ‘క్లాసీ’ అంటారు.

అక్షరం మీద నాకేం కోపం లేదు. వెడల్పాటి సన్నక్షరం మా రోజుల్లోనూ ఉంది. ట్రెడిల్ ప్రెస్సులో దాని చోటు విజిటింగ్ కార్డు, లెటర్‌హెడ్. ఎత్తు బాగా తగ్గించాల్సి వచ్చినప్పుడు వెడల్పు పెంచితే ‘ఏ’, ‘ఆర్’ల కడుపులు సిరాతో పూడుకుపోవు. 1901లో అమెరికాలో ఫ్రెడరిక్ గౌడీ గీసిన కాపర్‌ప్లేట్ గోథిక్‌ది ఆ కోవే. (చివర్లలో మొనలున్నాయి, అది సాన్స్ సెరిఫ్, అంటే మొనల్లేని అక్షరం, కాదని వాదించేవాళ్లుంటారు. 6 పాయింట్లలో ఆ మొనలు చూపించమనండి, చూద్దాం.) అన్నీ పెద్దబడి అక్షరాలే. ఒకే 6 పాయింట్ల బాడీ మీద నాలుగు సైజుల్లో పోత పోశారు. పేరులో మొదటి అక్షరం పెద్దదీ, మిగతావి చిన్నవీ పేర్చినా పైనా కిందా రేకు ముక్క దోపక్కర్లేదు, లైను సరిపోయేది. కంపోజిటరు కష్టం తెలిసినవాళ్లు చేసిన పని.

1952లో ఇటలీలో, టురిన్‌లోని నెబియోలో ఫౌండ్రీ మైక్రోగ్రామా తెచ్చింది. అక్కడి డిజైనర్లు బుట్టి, నొవారెసే కలిసి గీశారు. మూలలు తిరిగిన చదరం, అచ్చం పాత టీవీ తెర. దానికీ చిన్నబడి లేదు. 1962లో నొవారెసే చిన్నబడితో యూరోస్టైల్ గీసేదాకా జనం ఆగారు.

ఆగారండీ! వెడల్పు కావాలంటే వెడల్పుగా గీయాలి, అచ్చు తయారుచెయ్యాలి, సీసం పొయ్యాలి. ఇప్పుడు డీటీపీ కుర్రాడు మౌసుతో అంచు పట్టుకుని లాగేస్తాడు. అలా లాగితే నిలువు గీతలు బలుస్తాయి, అడ్డగీతలు ఉన్నంతే ఉంటాయి. ‘ఓ’కి పక్కలు వాచి, నెత్తీ అడుగూ పీలగా మిగులుతాయి. గీసేవాడైతే ఆ రెండూ సరిచూసుకుంటాడు.

వెడల్పుగానే గీసినవీ ఉన్నాయి, కాదనను. బ్యూనస్ ఎయిర్స్‌లో జూలియెటా ఉలనోవ్‌స్కీ తన పేటలోని పాత పోస్టర్లు, షాపు బోర్డులు చూసి మాంట్‌సెరాట్ గీసింది. మంచి పనే. ఉచితంగా దొరుకుతోంది కదా అని అందులో లైట్ రకం తీసుకుని పేరాలకు పేరాలు పెడితే, లైనుకు నాలుగు మాటలు పట్టవు. పట్టించడానికి సైజు తగ్గిస్తారు. ఆపైన ఆ బూడిద! ఆఫ్‌సెట్‌లో మామూలుగా బూడిదంటే వేరే సిరా కాదు, నల్లసిరానే చుక్కలు చుక్కలుగా వెయ్యడం. వెంట్రుకంత గీత ఆ చుక్కల మధ్య పడి తెగిపోతుంది. మేం నల్లసిరా నిండుగా వేసేవాళ్లం, అదీ రెండు మూడు లైన్లకే.

ఇంగ్లీషుకు తోడని పక్కనున్న తెలుగునూ వదలరు, దాన్నీ లాగుతారు. మనవి అసలే గుండ్రటి అక్షరాలు, కింద వత్తులు వేలాడుతుంటాయి. ‘ప’కీ ‘ఫ’కీ, ‘ద’కీ ‘ధ’కీ తేడా కిందనుండే ఆ చిన్న గీతే. సైజు తగ్గించి బూడిద రంగు వేశాక అది కాస్తా చెరిగిపోతే ఫలితాలు పలితాలవుతాయి, ధర దర అవుతుంది.

పేరు ఎలాగైనా ఏడవనీ, కార్డు మీద ఫోను నంబరన్నా కాస్త లావుగా వెయ్యవయ్యా అన్నాను మొన్న డీటీపీ కుర్రాడితో. “ప్రీమియం లుక్ పోతుంది అంకుల్” అన్నాడు.