ఇంట్లోనే బోల్టు: ఎనిమిది సులువైన చిట్కాలు

హాల్లో ఉయ్యాల బల్లకు ఒక ఎం8 బోల్టు ఊడిపోయింది. దుకాణంలో కొంటే అయిదు నిమిషాల పని. కానీ పెరటి షెడ్డులో బెంచి వైసు, డై సెట్టు ఉన్నవాళ్లకు అది నామోషీ. కింది చిట్కాలు పాటించండి.

1. కొలవకండి. వెర్నియర్ తీస్తే మళ్లీ తుడిచి పెట్టాల్సింది మీరే. 5/16 అంగుళం విట్‌వర్త్ డై చేతికి తగిలితే అదే వాడండి. దాని వ్యాసం 7.94 మి.మీ., ఎం8ది 8. మర కోణం ఒకదానికి 55 డిగ్రీలు, రెండోదానికి 60. నాలుగు చుట్లు తిరిగి బిగుసుకుంటుంది. బిగుసుకోవడమే కదా బోల్టు పని!

2. స్లాబు పోసినప్పుడు మిగిలిన 8 మి.మీ. చువ్వ తెచ్చుకోండి. దాని మీది గీతలను చెయ్యి నొప్పెట్టేదాకా ఆకురాయితో రుద్దండి. మిగిలినవి మరల్లో కలిసిపోతాయి.

3. చువ్వ కొసను ఏటవాలుగా అరగదీయకండి. డై వంకరగా ఎక్కినా మర తెగుతుంది. కటింగ్ ఆయిల్ దండగ. కీచుమంటే పని సాగుతున్నట్టే.

4. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పితే రజను రాలుతుందంటారు. వెనక్కి తిప్పినదంతా వృథా శ్రమ. ముందుకే తిప్పండి.

5. బోల్టు దిగేచోట లోపలి మర కొయ్యాలంటే, ఎం8 ట్యాపుకు 6.8 మి.మీ. రంధ్రం వెయ్యాలని పట్టికలో ఉంటుంది. 7.5 వెయ్యండి. ట్యాపు వేలితో తిప్పినా దిగిపోతుంది. బోల్టు వదులుగా ఆడితే టెఫ్లాన్ టేపు చుట్టండి.

6. ట్యాపు లోపలే విరిగిందా? అదృష్టం. అది హైస్పీడ్ స్టీలు. మామూలు డ్రిల్ బిట్టు దాన్ని కొరకలేదు కాబట్టి ఆ రంధ్రం జోలికి ఇక ఎవరూ రారు. పైన గ్రైండరుతో నున్నగా చేసి, "స్టడ్డు బిగించాను" అని చెప్పండి.

7. తల కోసం కొసకు ఒక నట్టు వెల్డింగ్ చేసి, దాని మీద 8.8 అని పంచ్ కొట్టండి. మొదటి 8 అంటే 800 మెగాపాస్కల్ తన్యత బలం, రెండోది అంటే అందులో 80 శాతం దాకా సాగిపోకుండా తట్టుకుంటుందని. అంత బలం రావాలంటే ఫ్యాక్టరీవాళ్లు ఉక్కును కాల్చి, చల్లార్చి, మళ్లీ వేడి చేస్తారు. మీకు సుత్తి చాలు.

8. సాకులు ముందే సిద్ధం చేసుకోండి. ఆడలేనివాడు మద్దెల ఓడన్నది ఆట అయ్యాక. మీరు ఇవాళే, "ఈమధ్య ఇనుములో మునుపటి సత్తువ లేదు" అని అందరి చెవినా వెయ్యండి. ఉయ్యాల తెగిన రోజు బోల్టు ఊసెత్తకండి. దాని మీద ఎవరు కూర్చున్నారో, వాళ్ల బరువెంతో అడగండి.

ఆ తర్వాత ఇంట్లోవాళ్లు బోల్టులు కొనుక్కుంటారు. గేటు కిర్రుమన్నా మిమ్మల్ని పిలవరు. షెడ్డులో మంచం వేసుకోండి, చోటు బోలెడు ఉంది.