మా బావ, ఒక సిలిండర్

కొత్త ట్రాక్టర్ కొన్నవాడు దానికి పసుపు కుంకుమ పెట్టి, పూలదండ వేసి, అనంతగిరి పద్మనాభస్వామి గుడి దగ్గర నిలబెట్టి ఫొటో దిగుతాడు. పాతది కొన్నవాడు ఫొటోలు పంపడు, చప్పుడు వినిపిస్తాడు. పొద్దున ఆరింటికి ఫోన్ చేసి, పలకరింపు కూడా లేకుండా, "విను, జర విను" అంటాడు. మా బావ ఈ రెండో రకం. తాండూరు మనిషి. నల్లరేగడిలో కందిచేను, దాని పక్కన చిన్న మామిడితోట ఉన్నాయి. మా అక్క మొగుడు కూడా, అందుకని ఫోన్ పెట్టేయలేను.

వినిపించేది ఐషర్. ఇంటికి ఎవరు చాయ్ తాగడానికి వచ్చినా ఆయన దాని వంశచరిత్ర ఎత్తుకుంటాడు. దేశంలో తయారైన మొదటి ట్రాక్టర్ ఇదేనని, 1959లో ఫరీదాబాద్‌లో పుట్టిందని, అసలు ఐషర్ అన్నది జర్మనీ అన్నదమ్ముల ఇంటిపేరని, 2005లో ఆ ట్రాక్టర్ల వ్యాపారం చెన్నై టాఫే వాళ్ల చేతికి వెళ్లిందని. ఈ చివరి ముక్క దగ్గర గొంతు తగ్గిస్తాడు, తాతల నాటి చెలక పరాయివాళ్లకు రిజిస్ట్రీ అయిపోయినట్టు. ఒకటే సిలిండర్, పాతిక హార్స్‌పవర్. గాలితోనే చల్లబడుతుంది కాబట్టి నీళ్ల పని లేదు. "రేడియేటరే లేని బండికి రేడియేటర్ ఖరాబయ్యే ముచ్చటే లేదు గదా" అంటాడు. నిజమే. ఖరాబైనవన్నీ మిగతావే.

పరిగి వైపు ఒక ఊళ్లో వేపచెట్టు కింద దొరికిందట. అమ్మేవాడు నిజాయితీపరుడు, "నడుస్తలేదన్నా" అని ముందే చెప్పాడు. "నడవక కాదు, నడిపెటోడు లేక నిలబడ్డది" అని మా బావే ఆయనకు ధైర్యం చెప్పి బయానా చేతిలో పెట్టాడు. అమ్మేవాడు లోపాలు చెబుతుంటే కొనేవాడు సుగుణాలు చెప్పే బేరం నేనింకెక్కడా వినలేదు. ధర ఎంతో ఇప్పటికీ తేలలేదు. అక్కకు ఒక లెక్క, మిస్త్రీకి ఒక లెక్క, నాకు మాత్రం "ఇనుము ధరకే వచ్చింది బామ్మర్దీ".

నంబరు ప్లేటు మీద ఏపీ 28 అని ఉంటుంది. ఆ చెట్టు కింద నుంచి అడుగు కదలకుండానే 2014లో దాని రాష్ట్రం మారింది, 2016లో జిల్లా మారింది. ఆ మార్పులన్నిటికీ కాగితాలు పట్టుకుని తిరిగింది మా బావ. బండి మాత్రం కిరాయి ట్రాక్టర్‌కు గొలుసు కట్టించుకుని తాండూరు చేరింది. స్టీరింగ్ పట్టుకుని ఆయన దారి పొడుగునా తెలిసినవాళ్లకు చెయ్యి ఊపుతూ వచ్చాడని అక్క చెప్పింది. తెలియనివాళ్లకూ ఊపే ఉంటాడు.

ఆ తర్వాత దాని కాపురం ఇంటి వెనక రేకుల షెడ్డులో, నాలుగు చక్రాలూ ఊడదీసి, తాండూరు బండల మీద. ఆ నీలి బండలను ఎక్కడెక్కడి వాళ్లో కొనుక్కెళ్లి ఇంట్లో పరుచుకుంటారు. మా బావ ఒకదాని మీద ఒకటి పేర్చి ఇరుసు కింద పెట్టాడు. వరండాకని తెప్పించిన బండలవి. వరండా ఇంకా మట్టిదే. నాజిల్ నానబెట్టిన గిన్నె సంగతి కూడా చెప్పాలి. అక్క పెళ్లికి మా అమ్మ పెట్టిన స్టీలు గిన్నె అది. అడుగున అమ్మ పేరు కొట్టించి ఉంటుంది. ఇప్పుడు ఆ పేరు చదవాలంటే కిరోసిన్ ఒంపేయాలి.

నాకు అప్పజెప్పిన పని ఎయిర్ తీయడం. డీజిల్ లైనులో గాలి చేరితే ఇంజన్ అందుకోదు. ఫిల్టర్ మీది బోల్టు కొంచెం వదులు చేసి, పంపు పక్కనున్న చిన్న లివర్‌ను బొటనవేలితో కొడుతూ ఉండాలి. ముందు నురగ వస్తుంది, తర్వాత బుడగలు, ఆ తర్వాత బుడగలేని ధార. అప్పుడు బోల్టు బిగించాలి. బొటనవేలు నాది, చూపు ఆయనది. "ఇంకొక్క బుడగుంది, కొట్టు" అంటాడు. ఆ ఒక్క బుడగ సాయంత్రందాకా వస్తూనే ఉంది. చివరికి మిస్త్రీ వచ్చి ట్యాంకు నుంచి పంపుకు వచ్చే పైపు దగ్గర వేలు పెట్టాడు. రాగి వాషర్ అరిగిపోయి, మేం తీసినంత గాలీ అక్కడినుంచి మళ్లీ లోపలికి పోతోంది. "సాబ్, ఈ వాషర్ ఉన్నంత సేపు తాండూరు గాలంతా దీంట్లకెళ్లి తియ్యొచ్చు" అన్నాడు. మా బావ నొచ్చుకోలేదు. "చూసినవా, పంపు మంచిగున్నది" అని నా వైపు తిరిగాడు.

సామాన్ల కోసం రాణిగంజ్ వెళ్లడం వేరే వ్రతం. తాండూరులో రైలెక్కి, తిరుగు ప్రయాణంలో వికారాబాద్‌లో దిగి, మా ఇంట్లో చాయ్ తాగుతూ, సంచిలోంచి వాల్వులూ పిస్టన్ రింగులూ టీపాయి మీద పరిచి చూపిస్తాడు. మా ఆవిడ బంగారం చూసినప్పుడు కూడా అంతసేపు చూడదు.

ఈలోగా వానలు ఆగవు కదా. తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు వచ్చింది. మా బావ చేలో ఆ కంది పండటంలో ఐషర్ పాత్ర నేటివరకు సున్నా. దున్నడం, సాళ్ల మధ్య గుంటుక కొట్టడం, అంతా కిరాయి ట్రాక్టరే. ఆ కిరాయి అబ్బాయి చాలా మర్యాదస్తుడు. వచ్చినప్పుడల్లా షెడ్డులోకి తొంగిచూసి, "తొందరేం లేదన్నా, నిమ్మలంగ చేసుకో" అంటాడు.

అయితే అది లేచింది. ఆ రోజు నేనున్నాను. కంప్రెషన్ లివర్ ఎత్తిపట్టి, ఇంజన్ తేలిగ్గా తిరిగి వేగం అందుకున్నాక వదిలేశాడు. ఒక నల్లటి పొగ, ఒక దగ్గు, ఆ వెనక డుగ్... డుగ్... డుగ్. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఒక మనిషి మాట పూర్తి చేయొచ్చు. కింద బండలు కదిలాయి, రేకులు మోగాయి, కోళ్లు పక్కింటికి వలసపోయాయి. నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. ఆ సంగతి ఆయనకు తెలియనివ్వలేదు. అక్క గుమ్మంలోకి వచ్చి, "అయిపోయిందా?" అంది. "షురువైంది" అన్నాడు.

చక్రాలెక్కించి మామిడితోటలోకి తోలాడు. కొమ్మల కింద నుంచి దూరుతుంటే నాకే ముచ్చటేసింది. రెండు సాళ్లు దున్నాక గేరు జారడం మొదలైంది. ఆ పళ్లచక్రం రాణిగంజ్‌లో దొరకలేదు. దొరికే మార్గం ఒక్కటే అని తేల్చుకుని, బషీరాబాద్ వైపు నుంచి ఇంకో ఐషర్ తెచ్చాడు. స్పేర్ పార్టులకట. తీరా బానెట్ ఎత్తి చూస్తే ఇదే దానికన్నా బాగుంది. విప్పడానికి చేతులు రాలేదు. అందుకని మొదటి దానిలోంచి తీసి దీనికి వేస్తున్నాడు. మొదటిదాన్ని అమ్మేయడానికీ మనసొప్పదు.

మొన్న మళ్లీ ఆరింటికి ఫోన్. ఈసారి చప్పుడు లేదు.

"బామ్మర్దీ, మీ ఇంటెనక జాగ ఖాళీగనే ఉన్నది గదా?"

"ఎందుకు బావా?"

"వికారాబాద్ గాలి మంచిది. అనంతగిరిల టీబీ దవాఖాన ఊకెనే పెట్టిన్రా? దీనికి జర ఊపిరి తక్కువుంది. కొన్నాళ్లు ఆడ ఉంటే..."

"అక్కనొకసారి అడిగి చెబుతా."

"మీ అక్కనే చెప్పింది" అన్నాడు. "పొద్దుగాలే గొలుసు కూడ కట్టిపిచ్చింది."